మణికట్టుమీది కావలివాడు

మానవశరీరమందలి అవయవములలో నిద్ర యెరుగనిది హృదయము. మనము మేలుకొనియున్నను నిద్రించుచున్నను అది తన పనిని మానదు. ఆరోగ్యవంతుడైన పెద్దవాని హృదయము విశ్రాంతిగా నున్నపుడు నిమిషమునకు 60 మొదలు 100 సార్లవరకు స్పందించును. నిమిషమునకు 70 సార్లని లెక్క కట్టినయెడల దినమునకు 1,00,800 స్పందనములగును. వైద్యుడు మన నాడిని పట్టి చూచునది ఒక నిమిషమో, రెండు నిమిషములో మాత్రమే. మిగిలిన రాత్రింబవళ్లు హృదయము సరిగా నడచుచున్నదో లేదో కనిపెట్టువారెవరు?

ఈ ప్రశ్నకు జవాబుగా ఇటీవలి కాలమున చేతికి కట్టుకొను గడియారములును, రొమ్మునకు అంటించుకొను పట్టీలును, వ్రేలికి తొడుగుకొను ఉంగరములును బయలుదేరినవి. వీనిని ధరించినవారు నేడు మన చుట్టుప్రక్కల విరివిగా కనబడుచున్నారు. వీనివలన కలుగు మేలెంత, వీనిని ఎంతవరకు నమ్మవచ్చును అను సంగతులను విద్యార్థులును వారి తలిదండ్రులును తెలిసికొనుట అవసరమని తలంచి ఈ పాఠమును వ్రాయుచున్నాము.

హృదయములోని విద్యుత్తు

హృదయమున నాలుగు గదులు కలవు. పై రెండు గదులకు కర్ణికలనియు, క్రింది రెండు గదులకు జఠరికలనియు పేరు. కుడి కర్ణికయొక్క పైభాగమున ఒక చిన్న కణసమూహము కలదు. 1907వ సంవత్సరమున ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అను ఇద్దరు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు దీనిని వర్ణించిరి. హృదయగతికి ఇదియే నాయకుడు. ఇందుండి ఒక సన్నని విద్యుత్ప్రేరణ బయలుదేరి మొదట కర్ణికలయందు వ్యాపింపగా, అవి ముడుచుకొని తమలోని రక్తమును జఠరికలలోనికి త్రోయును. ఆ ప్రేరణ హృదయమధ్యమున నున్న మరియొక కణసమూహమునొద్ద కొంచెమాగి, తరువాత జఠరికలకు దిగును. అప్పుడు జఠరికలు బలముగా ముడుచుకొని రక్తమును ఊపిరితిత్తులకును దేహమంతటికిని పంపును. వరినాట్లు వేయునపుడు ఒక స్త్రీ పాట నెత్తుకొనగా తక్కినవారందరు ఒక్క గొంతుకతో అందుకొనుట మీలో అనేకులు వినియుందురు. అట్లే హృదయమునందలి కణములన్నియు తమ నాయకుని ననుసరించి క్రమముగా పనిచేయును.

బయటనుండి చూచువారికి ఈ పని రెండు గుర్తులవలన తెలియును. మొదటిది, ప్రతి స్పందనముతోను ధమనులలో లేచు రక్తపు అల. దీనినే మనము నాడి యందుము. రెండవది, హృదయమునుండి చర్మమువరకు వచ్చు విద్యుత్తు. అది మిక్కిలి స్వల్పము. సుమారు వోల్టులో వెయ్యవ వంతు. ఇప్పుడు మనము చెప్పుకొనబోవు యంత్రములన్నియు ఈ రెండు గుర్తులలో ఒకదానినైనను, రెండింటినైనను పట్టుకొనునవే.

నాడినుండి యంత్రమునకు

నాడిని చూచి రోగమును ఊహించుట మన దేశమున పురాతనమైన విద్య. శార్ఙ్గధర సంహిత యను వైద్యగ్రంథమున నాడి నడక జలగ, సర్పము, కప్ప, హంస మొదలగువాని నడకతో పోల్చబడినది. వ్రేళ్లకు తోచు భేదములను మాటలలో పెట్టుటకు ఆ వైద్యులు చేసిన ప్రయత్నమది. నాడిని గడియారముతో లెక్కించు అలవాటు తరువాత వచ్చినది. ఇంగ్లాండు దేశపు వైద్యుడు జాన్ ఫ్లాయర్ సరిగా ఒక నిమిషము నడచి ఆగు గడియారమును చేయించి, దానితో రోగుల నాడిని లెక్కించి, 1707వ సంవత్సరమున ఆ సంగతిని గ్రంథముగా ప్రకటించెను. కావున గడియారమునకును నాడికిని గల చుట్టరికము నేటిది కాదు.

హృదయపు విద్యుత్తును చర్మముమీదనుండి మొట్టమొదట లిఖింపజేసినవాడు అగస్టస్ వాలర్. ఇది 1887వ సంవత్సరమున లండను నగరమున జరిగెను. ఆయన జిమ్మీ యను తన పెంపుడు కుక్కను ఉప్పునీటి పాత్రలలో పాదములుంచి నిలువబెట్టి, దాని హృదయపు విద్యుత్తును సభలలో చూపుచుండెను. 1909లో ఇది జంతుహింస కాదా యని బ్రిటిష్ పార్లమెంటునందు ప్రశ్న వచ్చెను. కుక్క కొంచెము ఉప్పు కలిపిన నీటిలో నిలిచినదేగాని దానికి బాధ యేమియు కలుగలేదని మంత్రి సమాధానము చెప్పెను.

ఆ విద్యుత్తును స్పష్టముగా వ్రాయగల యంత్రమును హాలెండు దేశమందలి లైడెన్ నగరమున విలెమ్ ఐంతోవెన్ నిర్మించెను. అయస్కాంతపు ధ్రువముల నడుమ, వెండిపూత పూసిన మిక్కిలి సన్నని స్ఫటికపు దారమును బిగించి, హృదయపు విద్యుత్తు ఆ దారమును కదల్చునట్లు ఆయన ఏర్పాటు చేసెను. ఆ యంత్రము బరువు సుమారు 270 కిలోగ్రాములు. దానిని నడుపుటకు ఐదుగురు మనుష్యులు కావలసివచ్చిరి. రోగి తన చేతులను, ఒక కాలిని ఉప్పునీటి పాత్రలలో ఉంచవలెను. 1905లో ఆయన ఆసుపత్రిలోని రోగుల హృదయగతిని టెలిఫోను తీగ మూలముగా ఒకటిన్నర కిలోమీటరు దూరమున నున్న తన ప్రయోగశాలకు తెప్పించుకొనెను. ఇ.సి.జి. చిత్రమునందలి అలలకు పి, క్యూ, ఆర్, ఎస్, టి అను అక్షరములు పెట్టినవాడును ఆయనయే. 1924లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

ఇంతవరకు రోగియే యంత్రమునొద్దకు రావలసియుండెను. యంత్రమును మనుష్యునితో నడిపింపవలెనని తలంచినవాడు అమెరికాలోని మాంటానా రాష్ట్రపు భౌతికశాస్త్రజ్ఞుడు నార్మన్ హోల్టర్. 1940ల చివర ఆయన తయారుచేసిన మొదటి పరికరము వీపున మోయవలసిన రేడియో మూట. దాని బరువు సుమారు 38 కిలోగ్రాములు. అది క్రమముగా చిన్నదై, 1961 నాటికి కోటులో ఇముడునంతటి దయ్యెను. నేటికిని 24 గంటలు గాని అంతకంటె ఎక్కువ కాలము గాని హృదయగతిని లిఖించు పరీక్షకు వైద్యులు హోల్టర్ పరీక్ష యనియే పేరు చెప్పుదురు. 1982లో ఫిన్లాండు దేశపు పోలార్ అను సంస్థ రొమ్మునకు కట్టుకొను పటకానుండి తీగ లేకయే చేతిగడియారమునకు హృదయగతిని తెలుపు పరికరమును క్రీడాకారులకొరకు విక్రయించెను. 2012 చివర సెల్‌ఫోనుకు జతచేయు ఇ.సి.జి. పలకకును, 2018లో ఇ.సి.జి. తీయు ఆపిల్ చేతిగడియారమునకును అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ అనుమతి నిచ్చెను. 270 కిలోగ్రాముల యంత్రము చేసిన పనిలో కొంతభాగమును నేడు కొన్ని తులముల బరువుగల గడియారము చేయుచున్నది.

గడియారము పనిచేయు విధము

చీకటిగదిలో వెలుగుచున్న టార్చిలైటుపై మీ వ్రేలిని ఉంచి చూడుడు. వ్రేలు ఎర్రగా కనబడును. ఏలయనగా రక్తము పచ్చని వెలుతురును ఎక్కువగా పీల్చుకొని, ఎర్రని వెలుతురును పోనిచ్చును. గడియారపు అడుగున పచ్చని వెలుతురు నిచ్చు చిన్న దీపములును, తిరిగివచ్చు వెలుతురును కొలుచు గ్రాహకమును ఉండును. గుండె కొట్టుకొనినప్పుడు మణికట్టులోనికి రక్తము ఎక్కువగా వచ్చును. పచ్చని వెలుతురు ఎక్కువగా పీల్చబడి తక్కువ తిరిగివచ్చును. రెండు స్పందనముల నడుమ దీనికి విరుద్ధముగా జరుగును. ఈ హెచ్చుతగ్గులను లెక్కించి, స్పందనముల మధ్యనున్న వ్యవధులు సమానముగా నున్నవో లేవో గడియారము చూచును.

రెండవ పద్ధతి విద్యుత్తునకు సంబంధించినది. గడియారపు అడుగుభాగము ఒక చేతి మణికట్టును తాకుచుండును. రెండవ చేతి వ్రేలిని గడియారపు ప్రక్కనున్న లోహపు మీటపై ఉంచినచో, ఒక చేతినుండి రొమ్ముమీదుగా రెండవ చేతివరకు వలయము పూర్తియగును. 30 సెకండ్లు కదలక కూర్చుండినయెడల ఇ.సి.జి. రేఖ లభించును. ఐంతోవెన్ ఉప్పునీటి పాత్రలతో తీసిన మూడు రేఖలలో ఇది మొదటిదానివంటిది. ఆసుపత్రిలో పది ఎలక్ట్రోడులను అంటించి పండ్రెండు వైపులనుండి హృదయమును పరిశీలింతురు. ఒక ఇంటిని కిటికీలన్నిటినుండి చూచుటకును, ఒక్క కిటికీనుండి చూచుటకును ఎంత భేదమో ఇక్కడను అంత భేదము కలదు.

రొమ్మునకు అంటించు పట్టీ ఈ రెండింటి నడుమ నుండునది. ఇది హృదయపు విద్యుత్తును రెండు వారములవరకు ఎడతెగక వ్రాయగలదు. దీనిని సామాన్యముగా వైద్యుని సలహామీదనే ధరింతురు.

పాట చెదరిన హృదయము

ఈ యంత్రములు వెదకు వ్యాధులలో ముఖ్యమైనది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనునది. మనము దీనిని కర్ణికాకంపనమని పిలుచుకొందము. ఈ వ్యాధియందు నాయకుని మాట చెల్లదు. కర్ణికల అనేక భాగములనుండి నిమిషమునకు 350 మొదలు 600 వరకు ప్రేరణలు క్రమము లేక పుట్టును. నాట్లు వేయువారు ఒక్కొక్కరు ఒక్కొక్క పాట నెత్తుకొనినట్లుండును. కర్ణికలు ముడుచుకొనుటకు మారుగా అదరుచుండును. ఆ ప్రేరణలలో కొన్ని మాత్రమే జఠరికలకు చేరును గనుక నాడి యొకప్పుడు వేగముగాను, ఒకప్పుడు మెల్లగాను, ఏ క్రమమును లేక నడచును.

దీనివలని అపాయమేమి? అదరుచున్న కర్ణికలో రక్తము సరిగా కదలదు. నిలిచిన రక్తము గడ్డకట్టును. ఆ గడ్డ యొకనాడు వదలి మెదడునకు పోయి అచ్చటి ధమనిని మూసినచో పక్షవాతము కలుగును. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణమున 1948 మొదలు జరిగిన ప్రసిద్ధ పరిశోధనవలన, ఈ వ్యాధిగలవారికి పక్షవాతము వచ్చు అవకాశము తక్కినవారికంటె సుమారు ఐదు రెట్లని తెలిసినది. రక్తము గడ్డకట్టకుండ చేయు వార్‌ఫారిన్ మొదలగు మందులను వైద్యుని పర్యవేక్షణలో పుచ్చుకొనినయెడల ఆ అపాయము సుమారు మూడింట రెండు వంతులు తగ్గును. ఆ మందులవలన రక్తస్రావము కలుగు భయమును కలదు. కావున వానిని ఎవరికివారు కొని మ్రింగరాదు.

ఈ వ్యాధిలో మరియొక చిక్కు కలదు. అది అనేకులలో వచ్చిపోవుచుండును. ఉదయమున గంటసేపు వచ్చి పోయినచో, సాయంకాలము వైద్యునొద్ద తీసిన ఇ.సి.జి. నిర్దోషముగా నుండును. కొందరికి గుండెదడ గాని ఆయాసము గాని ఏమియు తోచదు. పక్షవాతమే మొదటి గుర్తుగా వచ్చును. రేయింబవళ్లు కనిపెట్టు యంత్రమునకు విలువ ఇచ్చటనే కలదు.

కావలివాని కేక

ఈ విషయమును తరగతిలో బోధించుచుండగా ఒక విద్యార్థి మమ్మిట్లడిగెను: “అయ్యా, మా తాతగారికి మా చిన్నాన్నగారు అట్టి గడియారమును తెచ్చి ఇచ్చినారు. ఇక ఆయన డాక్టరుగారి యొద్దకు పోనక్కరలేదు గదా?” ఈ ప్రశ్న ఆ బాలునిది మాత్రమే కాదు, అనేక గృహములలో పెద్దలును ఇట్లే తలంచుచున్నారు. కావున దీనికి వివరముగా జవాబు చెప్పవలసియున్నది.

పంటచేనిలో మంచెమీద కూర్చుండిన కావలివాడు ఆకు గలగల వినబడిన వెంటనే కేక వేయును. ఒకప్పుడది అడవిపంది, ఒకప్పుడది గాలి. కేక వినిన రైతు దీపము తీసికొని పోయి చూచును. కావలివాడు కేక వేసినాడని చూడకయే ఏడ్చువాడును, కేక వేయలేదు గనుక చేనివైపు ఎన్నడును పోనివాడును ఇద్దరును నష్టపోవుదురు. గడియారము కావలివాడు, వైద్యుడు దీపము తీసికొని పోవువాడు.

ఈ కేకలలో నిజమైనవి ఎన్ని? అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు ఆపిల్ గడియారము ధరించిన 4,19,297 మందిని పరిశీలించి 2019లో ఫలితములను ప్రకటించిరి. వారిలో 2,161 మందికి, అనగా వెయ్యింటికి సుమారు ఐదుగురికి, నాడి క్రమము తప్పినదని హెచ్చరిక వచ్చెను. 65 ఏండ్లు నిండినవారిలో నూటికి ముగ్గురికి పైగా హెచ్చరిక వచ్చినది; 40 ఏండ్లకు లోపలివారిలో వెయ్యింటికి ఇద్దరికైనను రాలేదు. హెచ్చరిక వచ్చినవారికి పంపిన రొమ్ముపట్టీలలో 450 పట్టీలు ధరింపబడి పరీక్షకు తిరిగివచ్చినవి. వానిలో నూటికి 34 పట్టీలయందు కర్ణికాకంపనము కనబడెను. మిగిలినవారి విషయమున గడియారము తప్పు చెప్పెనని తీర్మానింపరాదు. పట్టీ ధరించునాటికి వ్యాధి వచ్చి పోయియుండవచ్చును. పట్టీయు గడియారమును ఒకేసారి ధరించియున్నపుడు వచ్చిన హెచ్చరికలలో నూటికి 84 నిజమైనవి.

ఇక్కడ ఒక లెక్క చేసి చూతము. ఇది పాఠముకొరకు మేము కల్పించిన లెక్క. వ్యాధిగల ప్రతి పదిమందిలో తొమ్మండుగురిని పట్టి, వ్యాధి లేని ప్రతి నూరుగురిలో ఒకనికి పొరపాటున కేక వేయు యంత్రమొకటి కలదనుకొనుడు. పదివేల మంది యువకులలో పదిమందికి మాత్రమే వ్యాధి యున్నచో, యంత్రము తొమ్మండుగురిని సరిగా పట్టి, 9,990 మంది ఆరోగ్యవంతులలో సుమారు నూరుగురిని వృథాగా భయపెట్టును. పదివేల మంది వృద్ధులలో ఐదువందల మందికి వ్యాధి యున్నచో, అదే యంత్రము 450 మందిని సరిగా పట్టి, 95 మందిని మాత్రమే పొరపాటున భయపెట్టును. యంత్రము మారలేదు; ధరించినవారు మారిరి. వృద్ధుని చేతిమీద వచ్చిన హెచ్చరికకును బాలుని చేతిమీద వచ్చిన హెచ్చరికకును విలువ ఒకటి కాదని ఇందువలన తేలుచున్నది. ఆ గడియారపు ఇ.సి.జి. సాధనము 22 ఏండ్లు నిండినవారికొరకే యని దానిని చేసినవారే చెప్పియున్నారు.

కనుగొనుట వేరు, మేలు కలుగుట వేరు. డెన్మార్కు దేశమున 70 మొదలు 90 ఏండ్లవరకు వయస్సుగల 6,004 మందిలో కొందరికి చర్మము క్రింద హృదయగతిని లిఖించు చిన్న యంత్రము నమర్చి పరిశీలించిరి. 2021లో ప్రకటింపబడిన ఫలితములను బట్టి, యంత్రముగలవారిలో నూటికి సుమారు 32 మందికిని, లేనివారిలో నూటికి 12 మందికిని కర్ణికాకంపనము కనుగొనబడెను. అయినను పక్షవాతము మొదలగు అపాయములు మొదటివారిలో నూటికి 4.5 మందికిని, రెండవవారిలో నూటికి 5.6 మందికిని కలిగినవి. ఈ స్వల్పభేదము యాదృచ్ఛికముగానైనను రావచ్చునని లెక్కలు తెలిపినవి. కొలది నిమిషములు మాత్రమే వచ్చిపోవు కంపనము ఎల్లప్పుడును వచ్చు కంపనమంతటి అపాయకరము కాకపోవచ్చునని వైద్యులు దీనినుండి ఊహించుచున్నారు. కనుగొనబడిన ప్రతివానికి మందు అవసరమా కాదా యని నిర్ణయించుటకు వయస్సు, రక్తపుపోటు, మధుమేహము, పూర్వపు జబ్బులు అన్నియు విచారింపవలెను. ఆ విచారణ గడియారము చేయజాలదు.

కావలివానికి కానరానివి

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి యిది: ఈ గడియారములు గుండెపోటును కనుగొనజాలవు. గుండెపోటనగా హృదయమునకే రక్తమునిచ్చు ధమని మూసికొనిపోవుట. అప్పుడును నాడి క్రమముగానే నడచుచుండవచ్చును. ఒక్క కిటికీనుండి చూచు ఇ.సి.జి. యందు ఏ లోపమును కనబడకపోవచ్చును. రొమ్ములో బరువు లేక నొప్పి, అది ఎడమచేతికి గాని దవడకు గాని ప్రాకుట, చల్లని చెమట, ఊపిరి ఆడకపోవుట మొదలగు గుర్తులు కనబడినపుడు గడియారమును చూచుచు కూర్చుండుట ప్రాణాపాయకరము. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో 108 సంఖ్యకు టెలిఫోను చేసినచో అంబులెన్సు వచ్చును. ముఖము ఒక ప్రక్కకు వంగుట, ఒక చేయి పడిపోవుట, మాట తడబడుట పక్షవాతపు గుర్తులు. గడ్డను కరిగించు మందు నాలుగున్నర గంటలలోపల ఇచ్చినపుడే సామాన్యముగా పనిచేయును. కావున ఒక్క నిమిషమైనను వ్యర్థము చేయరాదు.

రెండవది, వెలుతురుతో చూచు పద్ధతికి ఆటంకములు కలవు. పట్టీ వదులుగా నున్నను, చేయి ఎక్కువగా కదలుచున్నను, చలిచేత చర్మములోని రక్తనాళములు ముడుచుకొనినను లెక్క తప్పవచ్చును. మణికట్టుమీద దట్టమైన పచ్చబొట్టు ఉన్నచో వెలుతురు లోపలికి పోదు. చర్మమునకు నలుపునిచ్చు మెలనిన్ అను పదార్థమును పచ్చని వెలుతురును పీల్చుకొనును. కావున ఇట్టి యంత్రములను అన్ని వర్ణముల చర్మముగల జనులపైనను పరీక్షింపవలెను.

మూడవది మన దేశమునకు మిక్కిలి సంబంధించినది. కర్ణికాకంపనము ముసలితనమున వచ్చు వ్యాధియని పాశ్చాత్యదేశములలో తలంతురు. మన దేశమున ఇది చిన్న వయస్సుననే వచ్చుటకు ఒక కారణము కలదు. 5 మొదలు 15 ఏండ్లవరకు గల పిల్లలకు స్ట్రెప్టోకోకస్ అను సూక్ష్మజీవివలన గొంతునొప్పి వచ్చి, తగిన చికిత్స జరుగనియెడల, కొందరికి కీళ్లవాపుతో కూడిన రుమాటిక్ జ్వరము వచ్చును. ఆ జ్వరము హృదయకవాటములను చెరచును. కవాటము ఇరుకైనచో కర్ణిక ఉబ్బి, కొన్ని ఏండ్లకు కంపనము ప్రారంభమగును. దీనిని మొదటనే ఆపునది పెన్సిలిన్ వంటి మందు, గడియారము కాదు. పిల్లలకు జ్వరముతో కూడిన గొంతునొప్పి వచ్చినపుడు ఉపేక్షింపక వైద్యునికి చూపుట తలిదండ్రుల ముఖ్యకర్తవ్యము.

గృహములయందు చేయదగినది

ఇట్టి గడియారము ఇంటనున్నచో దానిని మితముగా వాడుకొనవలెను. హెచ్చరిక వచ్చినపుడు కదలక కూర్చుండి ఇ.సి.జి. తీసి, ఆ రేఖను దాచియుంచి వైద్యునికి చూపవలెను. వచ్చిన దినమును, గంటను, అప్పుడు చేయుచున్న పనిని, గుండెదడ గాని తలతిరుగుడు గాని కలిగెనేమో ఆ సంగతిని కాగితముమీద వ్రాసియుంచిన మంచిది. గడియారపు మాట విని మందు మొదలుపెట్టుటయు, అది ఊరకున్నదని వైద్యుడిచ్చిన మందును మానుటయు రెండును తగవు. దినమునకు ఇరువదిసార్లు అంకెను చూచి దిగులుపడువారు దానిని కొంతకాలము విప్పివేయుట మేలు. దిగులువలననే నాడి వేగము హెచ్చును.

గడియారము కొనలేనివారు విచారపడనక్కరలేదు. ఐరోపా హృద్రోగవైద్యుల సంఘము 2020లో ఇచ్చిన సలహాలలో, 65 ఏండ్లు నిండినవారు వైద్యునొద్దకు వచ్చినపుడు నాడిని పట్టి గాని ఇ.సి.జి. తీసి గాని కర్ణికాకంపనము కలదేమో చూడవలెనని చెప్పబడినది. నాడిని పట్టుటకు పైకము అక్కరలేదు. చూపుడువ్రేలును నడిమివ్రేలును రెండవ చేతి బొటనవ్రేలి మొదట, మణికట్టుమీద మెల్లగా ఆనింపవలెను. బొటనవ్రేలితో చూడరాదు, దానికి స్వంతనాడి కలదు. ఐదు నిమిషములు ఊరక కూర్చుండిన తరువాత ఒక నిండు నిమిషము లెక్కింపవలెను. ఎన్నిసార్లు కొట్టుకొనెనో తెలిసికొనుటతోబాటు, దెబ్బకు దెబ్బకు నడుమ వ్యవధి సమానముగా నున్నదా యని గమనింపవలెను. మీ వయస్సు పిల్లలలో ఊపిరి పీల్చునపుడు నాడి కొంచెము వేగమై, విడుచునపుడు కొంచెము మెల్లనగుట సహజము, దానికి భయపడరాదు. వృద్ధులలో ఊపిరితో సంబంధము లేక, ఏ వరుసయు లేక నాడి నడచుచున్నచో వైద్యునికి చూపి ఇ.సి.జి. తీయింపవలెను.

మమ్ము ప్రశ్నించిన బాలునికి మేము చెప్పిన జవాబిది: “గడియారమును తాతగారి చేతికి ఉండనిమ్ము. వైద్యునొద్దకు వెళ్లుటయు మానవద్దు. ఈ లోపల నీవును ఆయన నాడిని పట్టి చూచుట నేర్చుకొనుము.”

అభ్యాసము

1. విశ్రాంతిగా కూర్చుండి మీ నాడిని ఒక నిమిషము లెక్కించి వ్రాయుడు. మెట్లెక్కి దిగిన వెంటనే మరల లెక్కింపుడు. మొదటి సంఖ్యకు తిరిగి వచ్చుటకు ఎన్ని నిమిషములు పట్టెను?

2. పైని చెప్పిన కల్పితయంత్రమును వెయ్యిమందిగల యొక గ్రామములో అందరికి తొడిగిరనుకొనుడు. వారిలో ఇరువదిమందికి వ్యాధి కలదు. నిజమైన హెచ్చరికలు ఎన్ని? పొరపాటు హెచ్చరికలు ఎన్ని?

3. గుండెపోటునకును కర్ణికాకంపనమునకును గల భేదమును మీ ఇంటిలోని పెద్దలకు అర్థమగునట్లు మీ సొంతమాటలలో ఐదు వాక్యములు వ్రాయుడు.

4. వేసవి సెలవులలో మీ ఇంటనున్న 65 ఏండ్లు దాటిన పెద్దల నాడిని, వారి అనుమతితో, వారమున కొకసారి చూచి పుస్తకములో వ్రాయుడు. క్రమము తప్పినట్లు తోచినచో వారిని తొందరపెట్టక, మీ తలిదండ్రులకు తెలియజేసి వైద్యునొద్దకు తీసికొనిపోవునట్లు చేయుడు.